డెబ్భై నాలుగు

ఆ వేసవిలో మా వదిన గుండె నిమిషానికి డెబ్భై నాలుగుసార్లు కొట్టుకుందని కంపెనీ కాగితాల్లో ఉంది. ఇప్పటికీ ఉండే ఉంటుంది. కాగితాలకేం, మనుషులు పోయినా అవి పోవు.

మాది లాండ్రీ. ఇళ్ల బట్టలుతికేది కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, దిండు గలీబులు లారీల్లో వచ్చి పడేవి. ఉతికే గది దాటితే ఇస్త్రీ హాలు. అందులో ఆవిరితో కాలే రోలర్లు ఆరు, ఒక్కోటీ మంచమంత వెడల్పు. తడి దుప్పటి చెరో కొసా ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని, విదిలించి, రోలరు నోటికి అందిస్తే అవతలి నుంచి కాగితంలా వచ్చేది. మూడో రోలరు దగ్గర వదిన పద్నాలుగేళ్లుగా నిలబడుతోంది. హాలు చివర అద్దాల గదిలో, కంప్యూటరు ముందు కుర్చీలో నేను. ఆ హాలుకి సూపర్‌వైజర్ని. ఆ కుర్చీలోకొచ్చి అప్పటికి రెండేళ్లయింది. అంతకుముందు మూడో రోలరు దగ్గర వదిన ఒక కొస పడితే రెండో కొస పట్టింది నేనే. పెళ్లి అచ్చిరాక నేను తిరిగొచ్చినప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని ఆ పనిలో పెట్టింది ఆవిడే.

ఇంట్లో కింది వాటా అన్నయ్య వాళ్లది. మేడ మీద గది నాది. అన్నయ్యది పైపుల పని. వాళ్లకి ఒక్కతే కూతురు, పదిహేనేళ్లది. పొట్టీ అని పిలుస్తాం గానీ అప్పటికే మా అందరికంటే పొడుగు.

అంతకు ముందు వేసవిలో ఇస్త్రీ హాల్లో ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. అందుకని ఈసారి ఎండలు ముదరకముందే కంపెనీ వాచీలు తెప్పించింది. పంచడానికి మేనేజరే స్వయంగా హాల్లోకొచ్చాడు. ఆయన తన ఏసీ గది దాటి బయటికి రావడం అంతకుముందు ఎవరూ చూడలేదు. అందుకే అందరూ ఆయన్ని ఏసీ సారనేవాళ్లు.

"ఇది మీ ఆరోగ్యం కోసం" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "గుండె నిమిషానికి నూట ముప్పై దాటిందంటే వాచీ వణుకుతుంది, ఎర్రగా వెలుగుతుంది. వెంటనే పని ఆపేసి పదిహేను నిమిషాలు కూర్చోవాలి. ఎవరూ ఏమీ అనరు."

"కూర్చుంటే ఏమీ అనరా సార్?" అంది వదిన వెనక నుంచి.

"అనరమ్మా."

"అయితే ఇది వాచీ కాదు సార్, వరం."

అందరూ నవ్వారు. వదిన ఊరుకునే రకం కాదు. నా వైపు చూపించి, "మరి మా మేడంగారికి ఇవ్వలేదే?" అంది.

"సూపర్‌వైజర్లు కూర్చునే ఉంటారు కదమ్మా. వాళ్లకెందుకు?"

"ఓహో, కూర్చునేవాళ్లకి గుండె ఉండదు కాబోలు!"

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఇంట్లో అదే ఆట. వాచీ లెక్కలన్నీ వదిన ఫోన్లోకి వచ్చేలా పొట్టి ఏదో నొక్కింది. ముందు వాళ్ల నాన్న చేతికి పెట్టి చూసింది.

"అరవై ఎనిమిది. నాన్న గుండెకి ఏ తొందరా లేదు."

"మనిషికి మాత్రం ఉందా?" అంది వదిన. "కొత్తలో నన్ను చూస్తే వందుండేది. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డా అరవై ఎనిమిదే."

తర్వాత నాకు పెట్టారు. డెబ్భై నాలుగు. చివరికి వదిన చేతికి పెట్టి పొట్టి తెరకేసి చూసి ఆగిపోయింది.

"కూర్చునే ఉన్నావు కదమ్మా, నూట పన్నెండేంటి?"

"ఇప్పుడేగా గిన్నెలు తోమి వచ్చాను."

"గిన్నెలు తోమితే నూట పన్నెండా?"

"మీ నాన్న మాడబెట్టిన గిన్నె తోమి చూడు, నీకూ తెలుస్తుంది" అని వాచీ తీసి అలమరలో పెట్టేసింది. "ఇంటికొచ్చాక కూడా నాకీ కాపలా వద్దు."

నిజంగానే ఆ తర్వాత ఆవిడ దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. ఉదయం పనికి వెళ్లేటప్పుడు పెట్టుకునేది, రాగానే తీసేసేది.

మొదటి వారం వదినకి పదకొండుసార్లు వాచీ ఎర్రబడింది. గోడవారన వేసిన బల్ల మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, "పద్నాలుగేళ్లకి ఈ హాల్లో నా కాళ్లు నాకు కనిపించాయే" అనేది. మిగతావాళ్లకి రెండో, మూడో వచ్చేవి, అదీ మధ్యాహ్నం పూట. వదినకి ఉదయం తొమ్మిదికే మొదలయ్యేది. రెండో వారంలో ఆవిడ జోకులు తగ్గాయి. ఒకరు కూర్చుంటే రెండో కొస పట్టుకున్నావిడ కూడా చేతులు కట్టుకుని నిలబడాలి కదా. ఆవిడ పైకి ఏమీ అనేది కాదు, పక్క రోలరు వాళ్ల వైపు చూసి నిట్టూర్చేది. దుప్పట్లు తొట్టెల్లో పేరుకునేవి.

పన్నెండో రోజున ఏసీ సారు నన్ను పిలిచాడు. ఆయన తెర మీద ఆరు రోలర్ల గడులున్నాయి. మూడోది దద్దుర్లు లేచినట్టు ఎర్రగా ఉంది.

"మీ హాలు మొత్తం ఎరుపుల్లో సగం ఒక్క మనిషివే. ఆవిడ మీ బంధువని విన్నాను."

"మా వదిన సార్."

"సోమవారం నుంచి కొత్త పద్ధతి. వారంలో ఐదు ఎరుపులు దాటితే వేసవి అయ్యేదాకా ఇంటికి పంపేస్తాం. వాళ్ల మేలుకోరే అనుకోండి."

"మేలే సార్."

"ఇంకో మాట. ఉతికే గదికీ ఇస్త్రీకీ కలిపి ఒక్క సూపర్‌వైజరు చాలంటున్నారు పైవాళ్లు. ఎవరి హాలు బాగుంటే వాళ్లని ఉంచుతారు. మీకు చెప్పానని బయట అనకండి."

ఆ సాయంత్రం నడిచి ఇంటికి వెళ్తూ వదినకి చెప్పాను. మొదటి సంగతే చెప్పాను, రెండోది చెప్పలేదు. మెట్ల వంతెన ఎక్కుతున్నాం. సగంలో ఆవిడ కడ్డీ పట్టుకుని ఆగింది.

"ఇంటికి పంపితే మళ్లీ పిలుస్తారంటావా?"

"ఏమో."

"పిలవరే. వెళ్లినవాళ్లలో ఎవర్ని పిలిచారు గనక?" కాసేపు ఊపిరి పీల్చుకుంది. "పోనీ పిల్లా, నన్ను మడతల బల్ల దగ్గర వెయ్యించు. గలీబులు మడతపెట్టుకుంటూ కూర్చుంటాను."

"అక్కడ ఖాళీ లేదు వదినా."

ఖాళీ ఉంది. ఒకటి కాదు, రెండు. సూపర్‌వైజరు తన వదినని నీడపట్టున కూర్చోబెట్టిందని నలుగురూ అంటారని నా భయం. అలాంటి మాట ఏసీ సారు చెవిన పడితే నా కుర్చీ సంగతేమిటని ఇంకో భయం. ఆవిడ నా మాట నమ్మింది. "సరేలే, ఏదో ఒకటి చేద్దాం" అని మిగతా మెట్లెక్కింది.

ఆ ఏదో ఒకటీ నేనే చేశాను. సోమవారం, పదిహేడో తారీఖు. బట్టలు మార్చుకునే గదిలో వదిన వాచీ పెట్టుకుంటుంటే, "ఇటివ్వు" అన్నాను.

"ఎందుకు?"

"నేను కూర్చునే ఉంటాను కదా. నా కాలికి పెట్టుకుంటాను. మేజోడు లోపల ఎవరికి కనిపిస్తుంది?"

వదిన నా మొహంలోకి చూసింది. "తప్పు కదే?"

"నీ పని నువ్వు చేసుకుంటున్నావు. ఇందులో తప్పేముంది?"

ఆవిడే వంగి నా చీలమండ మీద పట్టీ బిగించింది. "బిగుతుగా ఉందా?" అనడిగింది, నా చిన్నప్పుడు జడ వేస్తూ అడిగినట్టు. ఆవిడ మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్లు.

ఆ రోజు నుంచి మూడో రోలరు గడి పచ్చగా మారింది. అద్దాల గదిలో కూర్చుని నా గుండె వదిన పేరు మీద కొట్టుకోవడం నా తెర మీదే చూసుకునేదాన్ని. డెబ్భై రెండు, డెబ్భై నాలుగు, డెబ్భై ఐదు. ఇతర రోలర్ల వాళ్లు మధ్యలో ఆపి కూర్చుంటున్నారు, వదిన మాత్రం నిలబడే ఉంది. మొదటి రెండు రోజులూ బానే ఉందన్నట్టు అద్దంలోంచి నాకు చెయ్యి ఊపింది. తర్వాత ఊపడం మానేసింది. ఆవిడ బ్లౌజు వెనక చెమట పొద్దున్నే పలకలా కనిపించేది. చూసి తెర వైపు తిరిగిపోయేదాన్ని. తెర పచ్చగా ఉండేది.

అలా మొదలుపెట్టిన రెండో వారం చివర గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించారు. అందరికంటే బాగా మెరుగుపడిన ఉద్యోగి అని వదిన ఫొటో వేశారు. ఏసీ సారు మళ్లీ ఓసారి హాల్లోకొచ్చి చప్పట్లు కొట్టించాడు. "చూడండి, మొదటి వారం పదకొండు, ఇప్పుడు సున్నా. శ్రద్ధ ఉంటే శరీరం మాట వింటుంది" అన్నాడు.

వదిన నా పక్కనుంచి పోతూ, "నీ గుండెకి నాకు చప్పట్లు" అని గొణిగింది. నవ్వింది గానీ పెదవులు నీలంగా ఉన్నాయి.

మూడో వారంలో మా మేడ మెట్లు ఎక్కడం కూడా ఆవిడకి కష్టమైంది. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి నా గుమ్మంలో కూలబడింది. ఎడమ భుజం లాగుతోందంది. పాదాలు చూపించింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

అన్నయ్య కేకలేశాడు. "వారానికోసారి కంపెనీకి డాక్టరమ్మ వస్తుందంటారుగా? చూపించుకోవడానికి ఏం రోగం?"

"రోగమే కదా" అంది వదిన.

గురువారం డాక్టరమ్మ వచ్చింది. క్యాంటీను పక్క గదిలో ఆవిడ బల్ల, బయట ఇరవై మంది వరస. పనివాళ్లతో సూపర్‌వైజరు కూడా ఉండాలని నియమం. లోపలికెళ్లే ముందు వాచీ విప్పి వదిన చేతికి పెట్టాను. నా కాలి చెమటతో పట్టీ తడిగా ఉంది.

వదిన తన బాధలన్నీ చెప్పింది. ఆయాసం, భుజం, పాదాల వాపు. ఒక్కటీ దాచలేదు. డాక్టరమ్మ వింటూ ఒక చీటీ తీసి రాయబోయింది.

"ఈసీజీ తీయిద్దాం. చిన్న పరీక్షే, భయపడకండి." అని, ఎందుకో ఆగి, పక్కనున్న పలకలాంటి తెర తిప్పుకుని చూసింది. కళ్లద్దాలు సర్దుకుంది. "ఇవన్నీ మీవేనా?"

వదిన చేతి పట్టీ సర్దుకుంది.

"మూడు వారాలుగా ఒక్క ఎరుపు లేదు. ఆ వేడిలో నిలబడి డెబ్భై నాలుగు! ఇలాంటి గుండె నాకే లేదండీ. ఇప్పుడు మాత్రం నూట పద్దెనిమిది చూపిస్తోంది. నన్ను చూసి భయపడుతున్నారు." నవ్వింది. "చాలామందికి డాక్టరు ఎదురుగా కూర్చుంటే ఇంతే."

రాయబోయిన చీటీ పక్కకి జరిపింది. వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను. గోడకి గడియారం ఉంది గానీ ఎంతసేపు అలా చూసుకున్నామో నాకు తెలీదు. ఎక్కువసేపు అయ్యుండదు, ఎందుకంటే డాక్టరమ్మ ఈలోగా రెండు రకాల మాత్రలు మాత్రమే రాసింది.

"రక్తం తక్కువగా ఉన్నట్టుంది. ఎక్కువసేపు నిలబడతారు కాబట్టి పాదాలకి నీరు దిగుతుంది. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోండి. తర్వాత ఎవరమ్మా?"

బయటికొచ్చాం. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర వదిన మొహం మీద నీళ్లు చల్లుకుంది.

"నువ్వు చెప్తావనుకున్నాను" అంది.

"నువ్వే చెప్తావేమో అనుకున్నాను."

"చెప్తే నీ ఉద్యోగం పోదూ?"

"నీది మాత్రం?"

ఇద్దరం నవ్వుకున్నాం. నిజంగానే నవ్వుకున్నాం. గండం గడిచిందన్నట్టు. ఆవిడ వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. నేను వంగి కాలికి పెట్టుకున్నాను. ఇంటికెళ్లి అన్నయ్యకి చెప్పింది, "నా గుండె డాక్టరమ్మ గుండెకంటే బాగుందట. నువ్వు ఊరికే గోల చేస్తావు." ఆయన మొహం తేటపడింది. నేను మేడెక్కి పోయాను.

మరుసటి మంగళవారం, పదకొండూ ఇరవైకి, ఏదో కాలిన వాసన వచ్చి తలెత్తాను. మూడో రోలరులో దుప్పటి అడ్డంగా పోయి ముద్దగా చుట్టుకుంటోంది. రెండో కొస పట్టుకున్నావిడ అరుస్తూ ఎర్ర మీట కొడుతోంది. వదిన నేల మీద పడి ఉంది. నా తెర మీద ఆవిడ గడి పచ్చగానే ఉంది.

నేను పరిగెత్తాను. నేను పరిగెత్తాకే అది ఎర్రబడిందని తర్వాత అందరూ సాక్ష్యం చెప్పారు. ముందు పడింది, తర్వాత ఎర్రబడింది అని.

అంబులెన్సులో ఒకతను ఆవిడ ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతూనే ఉన్నాడు. మూలన సీటు మీద నేను. నా మేజోడు లోపల వాచీ వణుకుతోంది. ఆగి కూర్చోమని, ఆగి కూర్చోమని. తీసెయ్యడానికి వంగితే అతను చూస్తాడని కాలు సీటు కిందకి లాక్కున్నాను. అలాంటప్పుడు కూడా నాకు అదే తోచింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, కళ్ల కింద నలుపుతో ఉన్న నడివయసు మనిషి, పరదా వెనక నుంచి వచ్చి, "దారిలోనే పోయారమ్మా" అన్నాడు. పదకొండూ యాభై అని రాసుకున్నాడు. అన్నయ్య ఎక్కడో పనిలో ఉన్నాడు, పొట్టిని తీసుకుని వచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది. ఆయన పొట్టిని పట్టుకుని లోపలికి వెళ్లాక నేను బాత్రూంలోకి వెళ్లి వాచీ విప్పాను. నర్సు ఇచ్చిన సంచీలో వదిన చెప్పులు, ఫోను, చెవిపోగులు ఉన్నాయి. వాటి మధ్యన పడేశాను. అప్పుడు రెండూ పది.

ఆ టైము నేను చూసుకోలేదు. మూడు రోజుల తర్వాత పొట్టి చెప్తే తెలిసింది.

చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయిన సాయంత్రం, పొట్టి వాళ్లమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫొటోలు చూసుకుంటోందనుకున్నాను.

"అత్తా, అమ్మ పదకొండూ యాభైకి పోయిందన్నారు కదా?"

"ఊఁ."

"మరి ఇదేంటి?" ఫోను నా ముందు పెట్టింది. తెర మీద గీత. ఉదయమంతా చదునుగా ఉన్న గీత పదకొండూ ఇరవైకి కొండలా లేచింది. నూట నలభై రెండు. పన్నెండింటికి నూట ముప్పై. ఒంటిగంటకి నూట పదహారు. సరిగ్గా రెండూ పదికి తెగిపోయింది. "ఆ తర్వాత కూడా రెండు గంటలకి పైగా కొట్టుకుంది అత్తా. మేం వెళ్లేటప్పటికి కూడా అమ్మ బతికే ఉంది. నేను చెయ్యి పట్టుకున్నప్పుడు బతికే ఉంది."

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. ఈలోపు అన్నయ్య వచ్చి ఫోను లాక్కున్నాడు. రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసి, అక్కడే గోడకి ఆనుకుని, "బతికున్న మనిషి మీద ముసుగేశారు రా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు.

మర్నాడు ఆయన ఆసుపత్రికి వెళ్లాడు. డ్యూటీ డాక్టరు చొక్కా పట్టుకున్నాడట. వాచీలు తప్పు చూపిస్తాయని ఆ డాక్టరు చెప్తే, "మనుషులు చెప్తారు అబద్ధాలు. మిషను ఎందుకు చెప్తుంది?" అన్నాడట. పెద్ద డాక్టర్లకి ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు.

సోమవారం నేను పనిలోకి వెళ్లాను. ఏసీ సారు తన గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఒక కాగితం ముందు పెట్టాడు. పడిపోయిన క్షణంలో గుండె డెబ్భై నాలుగు ఉంది, మూడు వారాలుగా ఏ హెచ్చరికా లేదు, డాక్టరు పరీక్షించి ఆరోగ్యంగా ఉన్నారని చెప్పారు, కాబట్టి మరణానికీ పనికీ సంబంధం లేదు. కింద వదిన గీత అచ్చు వేసి ఉంది. పదకొండూ ఇరవై దగ్గర కత్తిరించేశారు.

"ఆ తర్వాతది లేదేంటి సార్?" అన్నాను.

ఆయన పెన్ను మూత తీశాడు. "ఆ తర్వాతది మాకు అవసరం లేదు." పెన్ను నా వైపు జరిపాడు. "మీకూ అవసరం లేదనుకుంటాను."

ఆయనకి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. గోడకి ఫొటో అంటించిన రోజుకే తెలుసా అని కూడా అడగలేదు. సాక్షి అన్న చోట సంతకం పెట్టాను. గదిలో చల్లగా ఉంది. పెన్ను జారకుండా పట్టుకోగలిగాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు. కళ్లలో ఏదో వెలుగు.

"ఆ డాక్టర్ని డ్యూటీ నుంచి తీసేశారే. విచారణ అయ్యేదాకా రావద్దన్నారట. వాడిని జైలుకి పంపందే నిద్రపోను. నువ్వు కూడా ఉన్నావుగా అక్కడ? నువ్వు సాక్ష్యం చెప్పాలి. దాని ఊపిరి ఆడుతోందని చెప్పు. చూశానని చెప్పు."

పొట్టి లోపలి నుంచి వచ్చి ఆయన వెనక నిలబడింది.

"అన్నయ్యా, ఆ డాక్టరు తప్పేం లేదు."

"గీత ఉంది కదే!"

"ఆ గుండె నాది."

ఆయనకి అర్థం కాలేదు. ఎవరికి మాత్రం అర్థమవుతుంది? మేజోడు కిందకి లాగి చూపించాను. అన్ని వారాలు పట్టీ ఒరుసుకున్నచోట చర్మం నల్లగా కమిలి ఉంది. చెప్పాను. పదిహేడో తారీఖు నుంచీ చెప్పాను. మడతల బల్ల దగ్గర ఖాళీ ఉందని కూడా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆయన నా కాలివైపే చూస్తున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు. "డాక్టరమ్మకి చూపించిన రోజు?"

"ఆ రోజు లెక్కలు కూడా నావే."

"నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

ఆయన లోపలికెళ్లి చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను తప్పించుకుని, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఆసుపత్రికి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను ఏసీ సారు దగ్గరికి వెళ్లి నా సంతకం వెనక్కిచ్చెయ్యమన్నాను. ఇవ్వలేదు. అయితే కొత్త కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి ఆయన బల్ల మీద పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, తెలుసు. వారంలో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి నాకు, రేపటి నుంచి రావద్దని. రెండోది అన్నయ్యకి. మరణించిన ఉద్యోగి కంపెనీ వాచీని ఇంకొకరికిచ్చి రక్షణ నియమాలను ఉద్దేశపూర్వకంగా మీరినందున కంపెనీకి ఏ బాధ్యతా లేదని. అబద్ధమున్నంతకాలం ఆవిడ ఆరోగ్యంగా ఉండి చచ్చిపోయింది. నిజం చెప్పాక మోసం చేసి చచ్చిపోయింది. రెండింటికీ మధ్య ఆవిడ పద్నాలుగేళ్లు నిలబడిన సంగతి ఎక్కడా లేదు.

అన్నయ్య ఆ ఉత్తరం మడిచి నా గుమ్మం కింద నుంచి లోపలికి తోశాడు. నన్ను వెళ్లమనలేదు, ఉండమనలేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి దారిస్తాడు, అద్దెకున్న ఆడమనిషికి ఇచ్చినట్టు. పొట్టి అయితే ఎదురు పడటమే మానేసింది.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున్న తనే మేడెక్కి వచ్చింది. నేను పై మెట్టు మీద కూర్చుని ఉన్నాను. నాలుగు మెట్లు కింద నాకు వీపు పెట్టి కూర్చుంది. చేతిలో వాళ్లమ్మ ఫోను.

"ఏ రోజు నుంచి నువ్వు?"

"పదిహేడు. సోమవారం."

"అంతకు ముందువన్నీ అమ్మవేనా?"

"అన్నీ మీ అమ్మవే."

"ఎర్రగా ఉన్నవన్నీ అమ్మవే" అంది, నాతో కాదు. పదిహేడో తారీఖు తెరిచింది. వేలితో నొక్కింది. నిజంగా తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. అవునని నొక్కింది. తర్వాత పద్దెనిమిది తెరిచింది. రోజులన్నీ ఒకేసారి తీసెయ్యడానికి దారి లేదేమో, ఒక్కొక్కటే తీస్తూ పోయింది. ప్రతి దానికీ ఫోను అదే అడిగేది, పొట్టి అవుననేది. చప్పట్లు కొట్టిన రోజు పోయింది. డాక్టరమ్మ వచ్చిన గురువారం దగ్గర కాసేపు ఆగింది.

"ఇందులో ఇక్కడ నూట పద్దెనిమిదుంది. ఇది ఎవరిది?"

"అది మీ అమ్మది. ఐదు నిమిషాలు."

అందులోంచి ఆ ఐదు నిమిషాలే ఉంచుకోవడం కుదురుతుందేమోనని చాలాసేపు ఏవేవో నొక్కి చూసింది. కుదరలేదు. ఉంచితే రోజంతా ఉంచాలి, తీస్తే రోజంతా తీసెయ్యాలి.

"ఏం చెయ్యమంటావు?" అంది. ఏం చెయ్యాలో నన్ను అడగడం నెల రోజుల్లో అదే మొదటిసారి.

అది నా జవాబు కోసం ఎక్కువసేపు ఆగలేదు. అవునని నొక్కి, తర్వాతి రోజు తెరిచింది.